కాఫీకి హస్తవాసి ఉందా?

ముందుగా ఒక తప్పు ఒప్పుకుంటాను. ఎన్నో ఏళ్లుగా హేతువాదినని చెప్పుకుని తిరుగుతున్న నేను, నా సొంత వంటింట్లో ఒక మూఢనమ్మకాన్ని ముప్పై ఒక్క ఏళ్లు పెంచి పోషించాను. బాబాలు గాల్లోంచి విభూతి ఎలా తీస్తారో బళ్లలో చేసి చూపించాను. వాస్తు కోసం గుమ్మం మార్పించుకున్న వాళ్లతో గంటలకొద్దీ వాదించాను. ఇంటికొచ్చి మాత్రం, "మా ఆవిడ చేతి కాఫీ ఇంకెవరికీ రాదండీ, ఆమె హస్తవాసి అలాంటిది" అని వచ్చిన ప్రతివాళ్లతోనూ గర్వంగా చెప్పాను.

హస్తవాసి! ఈ మాట మనం ఎక్కడెక్కడ వాడతామో గుర్తు చేసుకోండి. ఫలానా డాక్టరుగారి హస్తవాసి మంచిది, మందు ఏదైనా జబ్బు తగ్గుతుంది. ఫలానా అత్తయ్య చెయ్యి పడితే ఆవకాయ ఏడాది నిలవుంటుంది. ఫలానా వాళ్ల చేత్తో బోణీ అయితే వ్యాపారం బాగుంటుంది. మూడోదాన్ని మనం వెంటనే మూఢనమ్మకం అంటాం. మొదటిదాన్ని కాస్త అనుమానిస్తాం. రెండోదాన్ని నవ్వుతూ ఒప్పుకుంటాం. వంటింట్లోకి వచ్చేసరికి మన అనుమానం చెప్పులతో పాటు గుమ్మం బయటే ఉండిపోతుంది.

మాది పోర్ట్ బ్లెయిర్. 2024లో ప్రభుత్వం ఊరి పేరును శ్రీ విజయపురం అని మార్చింది గాని మా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది. మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుంచి విశాఖలో ఓడెక్కి పని కోసం ఇక్కడికి వచ్చారు. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది కథ ఇదే. ఊళ్లో ఏ సందులో చూసినా టీ కొట్లే గాని, మా ఇంట్లో మాత్రం మొదటినుంచీ కాఫీయే. కాఫీ పొడి మాకు చాలా సరుకుల్లాగే సముద్రం దాటి రావాలి. వచ్చాక ఇక్కడి తేమకు తట్టుకోవాలి. వానాకాలంలో ఉప్పు నీరవుతుంది, అగ్గిపెట్టె గీసినా వెలగదు. ఇక కాఫీ పొడి సంగతి చెప్పేదేముంది?

అలాంటి ఒక వానాకాలంలోనే, పాచి పట్టిన పెరటి మెట్టు మీద జారిపడి మా ఆవిడకు కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. మర్నాడు తెల్లవారుజామున ఐదు గంటలకు, పెళ్లయిన ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి, నేను కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను.

మొదటి రోజు కాఫీ కుడితి నీళ్లలా ఉంది. రెండో రోజు చేదు విషం. మూడో రోజు డికాషన్ అసలు దిగనే లేదు. నాలుగో రోజు నేను విసిగిపోయి, "ఇది నా వల్ల కాదే, నీ హస్తవాసి నాకెక్కడిది?" అన్నాను.

అనేశాక ఆగిపోయాను. ఇదే మాట ఇంకొకరు అంటే నేనేమనేవాణ్ణి? "హస్తవాసి అంటే సరిగ్గా ఏమిటి? దాన్ని ఎలా పరీక్షిస్తారు? మీరు చెప్పేది తప్పని తేలాలంటే ఏం జరగాలి?" అని నిలదీసేవాణ్ణి. మరి నన్ను నేను ఎందుకు అడగలేదు?

అడిగాను. హస్తవాసి అనే మాటకు రెండు అర్థాలు ఉండొచ్చు. ఒకటి, ఆ మనిషి కొన్ని పనులు ఒక పద్ధతిలో చేస్తోంది, అలవాటైపోయి తానే గమనించుకోవడం లేదు. అదే నిజమైతే దాన్ని చూసి, కొలిచి, రాసుకుని ఇంకొకరు నేర్చుకోవచ్చు. రెండోది, ఆ చేతిలోనే ఏదో ఉంది, ఎంత చూసినా, ఎంత రాసినా ఇంకొకరికి రాదు. మనం పొగిడేటప్పుడు అనేది రెండోదే. ఈ రెండింట్లో ఏది నిజమో తేల్చడం కష్టమేమీ కాదు. ఆమె చేసేదంతా కొలిచి రాసుకుని, అచ్చంగా అలాగే నేను చేయాలి. అప్పటికీ తేడా తెలిస్తే హస్తవాసికి ఒక మార్కు. తెలియకపోతే అది పోయినట్టే.

"నువ్వు కాఫీ ఎలా పెడతావు?" అని అడిగాను. "ఏముందండీ, పొడేసి వేణ్ణీళ్లు పోయడమే" అంది. మంత్రాలు చదివే వాళ్లయినా కాస్త వివరంగా చెబుతారు! అందుకని చెప్పిందాన్ని వదిలేసి చేయించి చూశాను. ఆమె పక్కన నిలబడి "ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు" అంటుంటే నేను పొడి వేశాను. వేసినదాన్ని చిన్న ఎలక్ట్రానిక్ తూకం మీద పెట్టి చూశాను. నీళ్లు కొలిచాను. గడియారం పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు రోజుల్లో రహస్యం మొత్తం బయటపడింది.

ఆమె మూడు చెంచాలంటే గోపురంలా నిండుగా మూడు చెంచాలు, తూస్తే 30 గ్రాములు. నా మూడు చెంచాలు తలకొట్టిన చెంచాలు, 18 గ్రాములు. అదీ కుడితి నీళ్ల వెనక ఉన్న మహిమ. ఆమె పొడి వేశాక చిల్లుల బిళ్ళతో మెల్లగా సర్దుతుంది, అంతే. నేను మూడో రోజు కసిగా నొక్కాను. నీళ్లకు దారి లేక డికాషన్ దిగలేదు. ఆమె నీళ్లు కళపెళా మరిగాక దించి, అప్పుడు పొడి డబ్బా మూత తీస్తుంది. ఆ పని అయ్యేలోగా అర నిమిషం పైనే గడుస్తుంది. నేను గ్యాసు ఆదా అనుకుని ముందు రాత్రి ఫ్లాస్కులో పోసిన నీళ్లు వాడాను. ఆమె పాలు మాత్రమే వేడి చేసి డికాషన్ కలుపుతుంది. నేను డికాషన్ చల్లారిందని రెండో రోజు పొయ్యి మీద పెట్టి మరిగించాను. అదీ చేదు విషం కథ. ఇక ఐదోది. ఆమె ఎప్పుడూ చిన్న పొట్లాలే కొనేది. చవకగా వస్తుందని కిలో పొట్లం తెచ్చి, విప్పి, మూత సరిగా పట్టని డబ్బాలో పోసింది నేను.

వీటిలో ఒక్కదానికీ దివ్యత్వం అక్కర్లేదు, కారణాలన్నీ తెలిసినవే. కాఫీ గింజ బరువులో నీళ్లలో కరిగే భాగం సుమారు 30 శాతం మాత్రమే. అందులోనూ మొత్తం కరిగించుకుంటే చేదు, వగరు కూడా వచ్చేస్తాయి. తక్కువ కరిగితే పులుపుగా, పలచగా ఉంటుంది. పొడి బరువులో 18 నుంచి 22 శాతం దాకా కరిగితే ఎక్కువమందికి నచ్చుతుందని అమెరికాలో లాక్‌హార్ట్ అనే శాస్త్రవేత్త 1950లలో చేసిన పనిని ఈనాటికీ కాఫీ పరిశ్రమ ప్రమాణంగా వాడుతోంది. ఎంత కరుగుతుందనేది పొడి మెత్తదనం, నీటి వేడి, నానే సమయం, పొడికి నీటికి ఉన్న పాళ్లు, వీటి మీద ఆధారపడుతుంది. ఈ జాబితాలో చెయ్యి ఎవరిదన్నది ఎక్కడా లేదు.

ఈలోగా మా అవస్థ విన్న బంధువులు సలహాలు మొదలుపెట్టారు. ఒకరు మెషిన్ కొనమన్నారు. ఒకరు గాజు ప్రెస్ అన్నారు. ఒకరు పేపరు ఫిల్టరు అన్నారు. ఇంకొకరు "ఇవన్నీ ఎందుకు, ఇన్‌స్టంట్ పొడి ఉందిగా" అన్నారు. ఒక్కోదాన్నీ ఆలోచించి చూశాను.

మెషిన్ నిజంగానే చిక్కటి కాఫీ ఇస్తుంది. కాని మా దీవుల్లో కరెంటు చాలా భాగం డీజిల్ జనరేటర్ల నుంచి వచ్చేదే, ఎప్పుడు పోతుందో తెలియదు. మెషిన్ పాడైతే బాగు చేసేవాడి కోసం సముద్రం దాటాలి. పేపరు ఫిల్టరు కాఫీ శుభ్రంగా ఉంటుంది గాని కాగితాలు అయిపోతే మళ్లీ ఓడ రావాలి, పైగా పలచటి డికాషన్ పాలలో తేలిపోతుంది. గాజు ప్రెస్ తేలికే. నల్ల కాఫీ తాగేవాళ్లకు దాన్ని మించిన సులువైనది లేదు. పాలు కలిపి తాగే మాకు అదీ పలచనే. ఇన్‌స్టంట్ పొడి అన్నిటికన్నా సులువు, కాని మా ఇద్దరికీ ఆ రుచి నచ్చదు. నచ్చేవాళ్లకు అదే మంచి కాఫీ, వాళ్లను తక్కువ చేసే హక్కు నాకు లేదు. చివరికి మిగిలింది అటక మీద, అల్మారాలో, ప్రతి తెలుగింట్లో దొరికే స్టీలు ఫిల్టరే. కరెంటు వద్దు, కాగితం వద్దు, విరగదు, కదిలే భాగం లేదు. బజార్లో దొరికే పొడి కూడా దానికోసం ఆడించినదే. పాత పద్ధతి కాబట్టి దాన్ని ఎంచుకోలేదు. మా ఊరికి, మా అలవాటుకి లెక్క వేసి చూస్తే అదే నిలబడింది. పాతదైనంత మాత్రాన గొప్పది కాదు, పాతదైనంత మాత్రాన చెడ్డదీ కాదు.

సరే, అసలు పరీక్షకు వద్దాం. కట్టు విప్పి, ఆమె చెయ్యి మామూలు అయ్యేదాకా ఆగాను.

రుచి చూసి చెప్పే పరీక్షల్లో పేరు పడ్డది రొనాల్డ్ ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్తది. టీలో పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా అన్నది తాగి చెప్పగలనని ఒకావిడ అన్నదట. 8 కప్పులు, నాలుగు ఇలా, నాలుగు అలా, వరస కలిపేసి ఇవ్వాలి. గుడ్డిగా ఊహిస్తే నాలుగూ సరిగ్గా పట్టుకునే అవకాశం 70లో ఒకటి. 1935లో తన పుస్తకంలో ఫిషర్ ఈ ఉదాహరణతోనే ప్రయోగాలు ఎలా చేయాలో నేర్పాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న మన సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జిలో డాక్టరేటు చేసింది ఈ ఫిషర్ దగ్గరే. కాబట్టి ఇది మనకు మరీ పరాయి విద్య కాదు. నేను లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైన వాణ్ణి, ఈ కథ పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఇంట్లో వాడడం మాత్రం ఇదే మొదటిసారి.

మేం చేసింది ఇంకా చిన్న పరీక్ష. ఒకే రకం ఫిల్టర్లు రెండు. ఒకటి ఆమె పెడుతుంది, ఒకటి నేను పెడతాను. పొడి, నీళ్లు, పాలు, పంచదార ఒకే కొలత. మా అబ్బాయి లోపలి గదిలో మూడు స్టీలు గ్లాసుల్లో పోస్తాడు. రెండింట్లో ఒకరి కాఫీ, ఒకదాంట్లో ఇంకొకరిది. ఎవరిది ఎందులో అన్నది పాచిక వేసి నిర్ణయిస్తాడు. గ్లాసుల అడుగున అంకెలు ఉంటాయి. పోసినవాడు మా ముందుకు రాడు, ఎందుకంటే మొహం చూసి కనిపెట్టే ప్రమాదం ఉంది. తాగేవాళ్లు మూడింట్లో వేరుగా ఉన్నది ఏదో చెప్పాలి. ఇలా ఆరు రోజులు. ఊహించి చెబితే ఆరింట్లో సగటున రెండు సరిపోతాయి. ఐదు గాని అంతకన్నా ఎక్కువ గాని ఊరికే సరిపోయే అవకాశం 56లో ఒకటి. అందుకని ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నాం: ఐదు వస్తే తేడా ఉందని ఒప్పుకోవాలి. ఫలితం చూశాక గీత జరపకూడదు. జ్యోతిష్యులు చేసేది అదే కదా!

తాగినవాళ్లం ముగ్గురం. ఆమె, నేను, పక్కింటి తమిళ మిత్రుడు. ఆయన తంజావూరు వైపు వాడు, కాఫీ విషయంలో నాకన్నా పట్టుదల ఎక్కువ.

ఆరు రోజుల తర్వాత అబ్బాయి కాగితం విప్పాడు. నాకు రెండు సరిపోయాయి. మిత్రుడికి మూడు. ఆమెకు ఒకటి. తన చేతి కాఫీని తానే పోల్చుకోలేకపోయింది.

"నాలుకలు మొద్దుబారిపోయాయేమో, ఏది ఇచ్చినా ఇంతేనేమో" అన్నాడు మిత్రుడు. మంచి ప్రశ్న. అందుకని ఇంకో ఆరు రోజులు అదే పద్ధతిలో మరో పరీక్ష పెట్టాం. ఈసారి తేడా చేతిలో కాదు, పొడిలో. ఒకటి అప్పుడే విప్పిన పొట్లం. ఇంకొకటి అదే రకం పొడి, వానాకాలంలో విప్పి నెల రోజులు మామూలు డబ్బాలో ఉంచినది. ఈసారి నాకు ఐదు, మిత్రుడికి ఐదు, ఆమెకు ఆరుకి ఆరు. అంటే నాలుకలు బాగానే పనిచేస్తున్నాయి. ఉన్న తేడాను పట్టుకున్నాయి. లేని తేడాను పట్టుకోలేకపోయాయి, అంతే.

ముగ్గురు మనుషులు, ఆరు రోజులు, ఇది చాలా చిన్న పరీక్ష. ఎంతో సున్నితమైన తేడా ఏదైనా ఉంటే దీనికి దొరక్కపోవచ్చు. కాని ముప్పై ఒక్క ఏళ్లుగా నేను చాటింపు వేసింది సున్నితమైన తేడా గురించి కాదు. "ఇంకెవరికీ రాదు" అన్నాను. అది మాత్రం పోయింది.

ఫలితం చూసి నేను ఉత్సాహంగా లెక్కలు చెబుతున్నాను. ఆమె వింటూ కూర్చుంది. నేను ఆగాక అడిగింది: "మరైతే ముప్పై ఏళ్లూ పొద్దున్నే ఐదింటికి నన్నెందుకు లేపినట్టు?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మిత్రులారా, ఈ వ్యాసం రాయడానికి కారణం కాఫీ కన్నా ఆ ప్రశ్నే ఎక్కువ. "నీ చేతి కాఫీ తాగితే గాని పొద్దు గడవదు" అన్నది పొగడ్తలా వినిపిస్తుంది. కాని ఆ పొగడ్త చేసే పనేమిటో చూడండి. జ్వరం వచ్చిన రోజున కూడా లేవాల్సింది ఆమే. పుట్టింటికి వెళితే "కాఫీకి మొహం వాచిపోయాను" అని ఫోను. నేర్చుకోనక్కర్లేని స్వేచ్ఛ నాకు, మానుకోలేని బాధ్యత ఆమెకు. మూఢనమ్మకం వల్ల ఎవరు లాభపడుతున్నారో చూడండి అని నేనే సభల్లో చెబుతుంటాను. బాబా నమ్మకంతో బాబా లాభపడతాడు. ఈ నమ్మకంతో లాభపడింది నేను.

ఇంకో సంగతి తర్వాత గుర్తొచ్చింది. సాక్ష్యం నా చిన్నప్పుడే నా కళ్ల ముందు ఉంది. మా అమ్మ నెలకు మూడు రోజులు "బయట" ఉండేది. వంటిల్లు తొక్కకూడదు, మంచినీళ్ల కడవ ముట్టుకోకూడదు. ఆ మూడు రోజులూ కాఫీ పెట్టింది మా నాన్నగారే. శుభ్రంగా పెట్టేవారు, మేమంతా తాగేవాళ్లం. నాలుగో రోజు నుంచి మళ్లీ "మీ అమ్మ చేతి కాఫీయే కాఫీ" అనేవారు. మూడు రోజులు మైల పడిన చేతికి నాలుగో రోజు మహిమ ఎక్కడి నుంచి వచ్చింది? మూడు రోజులు పెట్టగలిగిన మనిషి మిగతా రోజులు ఎందుకు పెట్టలేకపోయాడు? ఈ లెక్క వేయడానికి ఫిషర్ అక్కర్లేదు. నేను వేయలేదు, అంతే.

హస్తవాసికి, అంటుకు మధ్య దూరం లేదు. ఒక చేతిలో కనిపించని మహిమ ఉందని ఒప్పుకుంటే, ఇంకో చేతిలో కనిపించని మైల ఉందని ఒప్పుకోవడానికి సగం దారి వచ్చేసినట్టే. కాఫీ చరిత్రలో ఇది బాగా కనిపిస్తుంది. "బ్రాహ్మణ కాఫీ హోటలు" అన్న బోర్డులు మన దక్షిణాదిలో మామూలుగా ఉండేవి. బోర్డు మీద ఆ మాట తీసేయాలని 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో మురళీ కేఫ్ ముందు పెరియార్ అనుచరులు నెలల తరబడి ఆందోళన చేసి జైళ్లకు వెళ్లారు. మన తెలుగు పల్లెల్లో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఎంత కాలం నడిచిందో మీకు తెలుసు. మా నాన్నగారి ఊళ్లో పాలేరుకు కాఫీ ఇచ్చే గ్లాసు వేరు, అది పెరటి గోడ మీద బోర్లించి ఉండేది. ఒకే ఫిల్టరు, ఒకే డికాషన్, గ్లాసు మాత్రం వేరు. గోరా, సరస్వతీ గోరా గార్లు సహపంక్తి భోజనాలు పెట్టింది ఇలాంటి గ్లాసులను పగలగొట్టడానికే.

మా ఊరి విషయంలో ఒక తమాషా ఉంది. సముద్రం దాటితే కులం పోతుందన్న భయంతో "కాలాపానీ" అని వణికిన చోటు ఇది. ఇక్కడికి పంపిన ఖైదీల్లో ఎంతోమంది శిక్ష అయ్యాక ఇక్కడే ఉండిపోయి, కులం, ప్రాంతం, ఒక్కోసారి మతం కూడా చూడకుండా పెళ్లిళ్లు చేసుకున్నారు. వాళ్ల సంతతిని ఇప్పటికీ "లోకల్ బార్న్" అంటారు. కులం పోతే కొంపలేమీ మునగలేదు. ఓడలో మాతో పాటు ఫిల్టరు వచ్చింది, పొడి వచ్చింది, దురదృష్టం కొద్దీ హస్తవాసి కూడా వచ్చింది. దాన్ని దింపుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఇప్పుడు పద్ధతి రాస్తాను. ఇద్దరికి రెండు గ్లాసుల కాఫీకి సరిపడా కొలత ఇది. ఎవరి చేతికైనా ఒకేలా వస్తుంది.

1. ఫిల్టరు పై గిన్నెలో 20 గ్రాముల పొడి వేయండి. చెంచాతో కాదు, తూకంతో. తూకం లేకపోతే ఒక్కసారి కిరాణా కొట్లో తూయించి, అది ఏ చెంచాకు ఎంతో గుర్తు పెట్టుకోండి.

2. చిల్లుల బిళ్ళతో పొడిని సర్దండి. నొక్కకండి.

3. 120 మిల్లీలీటర్ల నీళ్లు మరిగించి దించండి. అర నిమిషం ఆగి పోయండి. మాది సముద్ర మట్టం కాబట్టి నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అరకు లాంటి ఎత్తు ప్రదేశంలో 97 దగ్గరే మరుగుతాయి కనుక ఆగనక్కర్లేదు.

4. మూత పెట్టి పావుగంట వదిలేయండి. పొడి తన బరువుకు సుమారు రెట్టింపు నీళ్లు పట్టుకుంటుంది. కాబట్టి 80 మిల్లీలీటర్ల డికాషన్ దిగుతుంది. గ్లాసుకు 40 చొప్పున సరిపోతుంది.

5. పాలు వేడి చేసి కలపండి. డికాషన్‌ను మాత్రం పొయ్యి ఎక్కించకండి.

6. పొడి పది రోజులకు సరిపడా మాత్రమే విప్పండి, గాలి చొరని సీసాలో పెట్టండి. పైన చెప్పిన వాటన్నిటిలో మా ఊళ్లో రుచిని ఎక్కువగా మార్చింది ఇదే.

పొడి విషయంలో నా పంతం ఒకటి కూడా పోయింది, అదీ చెప్పాలి. చికోరీ అంటే కల్తీ అని నేను ఎప్పుడూ ఈసడించేవాణ్ణి. చికోరీ ఒక మొక్క వేరు, వేయించి పొడి చేస్తారు, అందులో కెఫీన్ ఉండదు. నెపోలియన్ కాలంలో ఫ్రాన్సుకు కాఫీ రావడం కష్టమైనప్పుడు బాగా వాడుకలోకి వచ్చింది. మన చట్టం ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, పాళ్లు పొట్లం మీద అచ్చు వేయాలి. ఏది కొంటున్నామో చదువుకుని కొనుక్కుంటే అది కల్తీ కాదు, అభిరుచి. గ్లాసుల మీద పేరు లేకుండా ఇచ్చినప్పుడు నేను మెచ్చుకున్నది 80 పాళ్లు కాఫీ, 20 పాళ్లు చికోరీ ఉన్న పొడినే. నోరు మూసుకుని అదే తాగుతున్నాను. అమ్మ వాడిన ఇత్తడి ఫిల్టరుకూ ఇదే పరీక్ష పెట్టాం. స్టీలుకూ దానికీ తేడా ఎవరికీ తెలియలేదు. దాన్ని జ్ఞాపకంగా దాచుకున్నాను. జ్ఞాపకానికి రుచి ఉంటుంది, కాదనను. అది గ్లాసులో ఉండదు.

ఆరోగ్యం గురించి రెండు ముక్కలు. కాగితంతో వడకట్టని కాఫీలో కొలెస్ట్రాల్ పెంచే నూనె పదార్థాలు కొన్ని మిగులుతాయి. ముఖ్యంగా పొడిని నీళ్లలో వేసి మరిగించి తాగే కాఫీలో ఎక్కువ. కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లు పేపరు ఫిల్టరు ఎంచుకుంటే మంచిది. అక్కడ నా సలహా కన్నా మీ డాక్టరు సలహా ముఖ్యం. ఇక రెండోది, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1991లో కాఫీ మూత్రాశయ క్యాన్సర్‌కు కారణం కావచ్చని అనుమానించి, 2016లో సాక్ష్యం చాలదని ఆ మాట వెనక్కి తీసుకుంది. అయితే 65 డిగ్రీలు దాటిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహికకు ముప్పు ఉండొచ్చని చెప్పింది. కాబట్టి కాస్త చల్లారనివ్వండి. "మీ సైన్సు రోజుకో మాట మారుస్తుంది" అని ఎగతాళి చేసేవాళ్లకు నా జవాబు ఇది: అవును, సాక్ష్యం మారితే మాట మారుస్తుంది. నాకు ఆ పని చేయడానికి ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది, సైన్సుకు పాతికేళ్లు పట్టింది.

మీ ఇంట్లో కూడా ఒక హస్తవాసి ఉండే ఉంటుంది. కాఫీ కాకపోతే పప్పుచారు, పప్పుచారు కాకపోతే పెరుగు తోడు. నా మాట నమ్మనక్కర్లేదు. మూడు గ్లాసులు, ఒక పాచిక తీసుకుని పరీక్షించండి. నా ఫలితానికి విరుద్ధంగా వస్తే నేను ఒప్పుకుంటాను. ఒక్క షరతు, ఓడిపోయినవాళ్లు మర్నాటి నుంచి ఐదింటికి లేవాలి.

నేను లేస్తున్నాను. కాగితం వంటింటి గోడకు అంటించి ఉంది. ఫిల్టరులో నీళ్లు పోశాక ఆ పావుగంట కిటికీ దగ్గర నిలబడతాను. ఇక్కడ మనకన్నా ముందే తెల్లవారుతుంది, అప్పటికే వెలుగు వచ్చేసి ఉంటుంది. లోపల ఆమె ఇంకా నిద్రపోతూ ఉంటుంది. ఏడింటికి లేచి తాగి, "ఇవాళ పంచదార ఎక్కువైంది" అంటుంది. తూకం చూసి చెబుతాను, ఎక్కువ కాలేదని. ఆ మాట మాత్రం ఆమె ఇంకా నమ్మడం లేదు.